బడి గుమ్మంలో టీకాల కార్డు



జూన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళల్లో ఒకటే హడావుడి. కొత్త యూనిఫారాలు, పుస్తకాలకు అట్టలు, మంచినీళ్ళ సీసాలు. చంటివాణ్ణి మొదటిసారి బడిలో వేసే తల్లికయితే అంతకు రెట్టింపు. పుట్టినతేదీ సర్టిఫికెట్ ఏ పెట్టెలో పెట్టామో, ఫోటోలు ఎన్ని కావాలో, ఫీజు ఎప్పటిలోగా కట్టాలో అన్నీ ఆవిడే చూసుకోవాలి. కొన్ని బళ్ళలో వీటితోబాటు టీకాల కార్డు కూడా చూపించమంటారు. చాలామంది మారు మాట్లాడకుండా చూపించి వస్తారు. ఎవరో ఒకావిడ మాత్రం ఆఫీసు గదిలో గుమాస్తాను నిలదీస్తుంది. "మా వాడికి టీకాలు వేయించుకున్నామా, మానుకున్నామా అన్నది మా ఇంటి సంగతి. చదువు చెప్పే బడికి దాంతో పనేమిటండీ?" అని.

ఆవిడ అడిగింది తీసిపారేయదగిన ప్రశ్న కాదు. ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ నూటయాభై ఏళ్ళకు పైగా తల్లులూ తండ్రులూ అడుగుతూ వచ్చిన ప్రశ్నే అది. దాని కోసం కొందరు జరిమానాలు కట్టారు, కొందరు జైళ్ళకు వెళ్ళారు, కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఆ కథ మనం తెలుసుకోవడం మంచిది. అయితే టీకా వద్దన్నవాళ్ళంతా మూర్ఖులనీ, కావాలన్నవాళ్ళంతా తెలివైనవాళ్ళనీ ముందే తీర్పు చెప్పేసుకుంటే ఈ కథలో మనకు బోధపడేది ఏమీ ఉండదు. రెండు పక్షాల వారినీ నడిపించింది ఒకటే భయం: నా బిడ్డకు ఏమవుతుందోనని. ఆ భయానికి సమాధానం చెప్పినచోట చట్టం నిలబడింది. సమాధానం చెప్పకుండా బెత్తం పట్టుకున్నచోట చట్టమే తలవంచవలసి వచ్చింది.

మశూచితో మొదలుపెడదాం. మన అమ్మమ్మల కాలంలో ఆ పేరు నోటితో అనేవారు కారు. "అమ్మవారు పోసింది" అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు, ఇంట్లో తాలింపు కూడా వేసేవారు కాదు. ఆ మహమ్మారికి 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ అనే ఇంగ్లీషు వైద్యుడు విరుగుడు చూపించాడు. ఆవులకు వచ్చే ఒక రకం పొక్కుల రసిని మనిషి చేతికి అంటిస్తే మశూచి రాదని రుజువు చేశాడు. ఆ టీకా 1802లో బొంబాయికి కూడా చేరింది.

ఇంగ్లండు ప్రభుత్వం 1840లో బీదవాళ్ళకు ఈ టీకాను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 1853లో దాన్ని తప్పనిసరి చేసింది. బిడ్డ పుట్టిన మూడు నెలల్లో టీకా వేయించాలి, లేకపోతే జరిమానా. 1867లో ఇంకా బిగించింది. ఒకసారి జరిమానా కడితే వదలరు. వేయించేదాకా మళ్ళీ మళ్ళీ కట్టిస్తారు.

ఆ రోజుల్లో టీకా ఎలా వేసేవారో తెలిస్తే ఆ తల్లుల గుండెదడ మనకు అర్థమవుతుంది. ఇప్పటిలా ఒక చిన్న సీసా, ఒక సన్నని సూది కాదు. బిడ్డ జబ్బ మీద కత్తి మొనతో నాలుగైదుచోట్ల గీరి రసి అంటించేవారు. వారం రోజుల తరువాత తల్లి ఆ బిడ్డను మళ్ళీ తీసుకురావాలి. అప్పటికి పొక్కు పొంగి ఉంటుంది. ఆ పొక్కు లోంచి రసి తీసి, వరసలో నిలబడ్డ ఇంకో బిడ్డ జబ్బకు పెట్టేవారు. అంటే ఎవరి బిడ్డ ఒంట్లోని రసో నా బిడ్డ ఒంట్లోకి పోతోందన్నమాట. ఆ బిడ్డకు ఏ జబ్బు ఉందో, వాళ్ళ తల్లిదండ్రులకు ఏ రోగం ఉందో ఎవరికి తెలుసు? ఇలా చేతినుంచి చేతికి టీకా వెయ్యడంలో సవాయి రోగం అంటిన సందర్భాలు నిజంగానే జరిగాయి. కాబట్టి ఆ తల్లుల భయం ఉత్త అపోహ అనడానికి వీల్లేదు.

పైగా కలిగినవాళ్ళు డాక్టరును ఇంటికే పిలిపించుకునేవారు. బీదవాళ్ళు మాత్రం బిడ్డల్ని చంకనేసుకుని వరసల్లో నిలబడాలి. జరిమానా కట్టలేకపోతే ఇంట్లో కుర్చీలూ బల్లలూ జప్తు చేసి వేలం వేసేవారు. దాంతో జనానికి రోషం వచ్చింది. లెస్టర్ అనే ఊళ్ళో 1885 మార్చి 23న పెద్ద ఊరేగింపు జరిగింది. ఎనభై వేల నుంచి లక్షమంది దాకా వచ్చారని అంచనా. జెన్నర్ దిష్టిబొమ్మనూ, పసిపిల్లల శవపేటికనూ మోసుకుంటూ నడిచారు. అయితే ఆ ఊరివాళ్ళు రోగాన్ని గాలికి వదిలేసినవాళ్ళు కారు. ఎవరికైనా మశూచి వస్తే వెంటనే తెలియజేసి, రోగిని వేరుగా ఉంచి, ఇల్లంతా శుభ్రం చేయించి, ఆ ఇంటివాళ్ళను కనిపెట్టి చూసేవారు. బాధ్యత తెలిసినవాళ్ళే, కాని తమ మీద నమ్మకం ఉంచని చట్టాన్ని ఒప్పుకోలేదు.

చివరికి ప్రభుత్వం 1889లో ఒక రాయల్ కమిషన్ వేసింది. ఆ కమిషన్ ఏడేళ్ళు విచారించి 1896లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1898లో కొత్త చట్టం వచ్చింది. ఇందులో గమనించవలసింది రెండు సంగతులు. మొదటిది, చేతినుంచి చేతికి టీకా వేసే పద్ధతిని మాన్పించి, దూడల నుంచి తీసి గ్లిసరిన్‌లో శుభ్రపరచిన మందు వాడమన్నారు. టీకా వేసే డాక్టరే ఇంటికి రావాలన్నారు. రెండవది, తన అంతరాత్మ ఒప్పుకోవడం లేదని మేజిస్ట్రేట్ల ముందు నమ్మకంగా చెప్పుకున్న తల్లిదండ్రులకు మినహాయింపు ఇచ్చారు. ఆ ఏడాది చివరికే రెండు లక్షలకు పైగా మినహాయింపు పత్రాలు ఇవ్వవలసి వచ్చింది.

ఇక్కడ మనకు సంబంధించిన ఒక విశేషం ఉంది. భర్త పని మానితే రోజు కూలి పోతుందని, బిడ్డనెత్తుకుని తల్లి కోర్టుకు వెళ్ళేది. కొందరు మేజిస్ట్రేట్లు ఆవిడను వెనక్కి పంపేసేవారు. బిడ్డకు తండ్రే కర్త, ఆయనే వచ్చి చెప్పుకోవాలనేవారు. రాత్రి పగలూ బిడ్డను కనిపెట్టుకుని ఉండే తల్లికి అంతరాత్మ లేదన్నమాట! 1907లో చట్టాన్ని ఇంకా సడలించి, ఒక ప్రమాణపత్రం రాసిస్తే చాలునన్నారు. రెండో ప్రపంచయుద్ధం తరువాత జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడినప్పుడు ఇంగ్లండులో ఈ నిర్బంధమే తీసేశారు.

ఇక అమెరికా సంగతి. అక్కడ ఇంకో దారి తొక్కారు. ఇంటింటికీ అధికారిని పంపించే బదులు బడి గుమ్మం దగ్గర అడగడం మొదలుపెట్టారు. 1827లో బోస్టన్ నగరంలో బడిలో చేరే పిల్లలకు టీకా ఉండాలన్నారు. 1855లో మాసచూసెట్స్ రాష్ట్రం మొత్తానికి అలాంటి చట్టమే చేశారు. బడినే ఎందుకు ఎంచుకున్నారంటే, ఆ ఆలోచన పిల్లల తల్లులకు చప్పున అర్థమవుతుంది. ఒక గదిలో నలభైమంది పిల్లలు భుజం భుజం రాసుకుంటూ కూర్చుంటారు. ఒకరి పలక ఇంకొకరు పట్టుకుంటారు, ఒకరి దగ్గు ఇంకొకరి ముఖాన పడుతుంది. సాయంత్రానికి ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళి, ఉయ్యాల్లో ఉన్న తమ్ముణ్ణి ముద్దు పెట్టుకుంటారు. అంటురోగానికి ఇంతకంటె మంచి రహదారి ఏముంటుంది?

కాని అక్కడ కూడా తల్లిదండ్రుల భయానికి కారణాలు లేకపోలేదు. 1901లో న్యూజెర్సీ రాష్ట్రంలో కామ్డెన్ అనే ఊళ్ళో మశూచి వస్తోందని బడిపిల్లలకు టీకాలు వేశారు. ఆ తరువాత తొమ్మిదిమంది పిల్లలు ధనుర్వాతంతో చనిపోయారు. అదే సంవత్సరం సెయింట్ లూయిస్‌లో కంఠసర్పికి ఇచ్చిన మందు కలుషితమై పదముగ్గురు పిల్లలు చనిపోయారు. మందు తయారుచేసేవాళ్ళను అడిగే నాథుడు అప్పుడు లేడు. టీకా వెయ్యండి, లేకపోతే బడికి రావద్దు అని తల్లిదండ్రుల్ని శాసిస్తున్న ప్రభుత్వం, ఆ మందు శుభ్రంగా ఉందా అని మాత్రం చూడటం లేదు. జనంలో గగ్గోలు పుట్టింది. మరుసటి ఏడు 1902లో, ఇలాంటి మందులు తయారుచేసేవాళ్ళు లైసెన్సు తీసుకోవాలనీ, తనిఖీకి ఒప్పుకోవాలనీ అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది. ఇవాళ మన బిడ్డకు వేసే ప్రతి టీకా వెనకా అన్ని పరీక్షలు ఉన్నాయంటే, ఆనాడు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల కన్నీళ్ళు కూడా దానికి ఒక కారణమే.

తరువాత విషయం కోర్టులకెక్కింది. కేంబ్రిడ్జి అనే ఊళ్ళో హెన్నింగ్ జాకబ్సన్ అనే మతబోధకుడు తనకూ, తన కొడుక్కీ లోగడ టీకా పడలేదని చెప్పి వేయించుకోనన్నాడు. అయిదు డాలర్లు జరిమానా వేశారు. ఆయన కట్టనన్నాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1905లో తీర్పు వచ్చింది. స్వేచ్ఛ అంటే తోటివాళ్ళకు హాని కలిగించే స్వేచ్ఛ కాదనీ, రోగం వ్యాపించేటప్పుడు ఇలాంటి చట్టం చేసే అధికారం రాష్ట్రాలకు ఉందనీ కోర్టు చెప్పింది. టీకా వలన ఒక మనిషి ఆరోగ్యానికి నిజంగా ముప్పు ఉందని రుజువైతే మాత్రం అతణ్ణి బలవంతపెట్టడం న్యాయం కాదని కూడా అంది. 1922లో టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో టీకా లేదని ఒక అమ్మాయిని బడిలోంచి పంపించేసినప్పుడు, ఆ కేసులో కూడా బడి పక్షానే తీర్పు వచ్చింది.

కోర్టు తీర్పు చెప్పగలదు గాని తల్లి మనసులో నమ్మకం పుట్టించలేదు. ఆ నమ్మకం ఎలా పుడుతుందో పోలియో కథ చెబుతుంది. 1952లో అమెరికాలో యాభై ఏడువేల మందికి పైగా పోలియో వచ్చింది. వేసవి వస్తే తల్లులు పిల్లల్ని ఈతకొలనులకూ, సినిమాలకూ పంపేవారు కారు. అలాంటి రోజుల్లో ఆడవాళ్ళే ముందుకొచ్చారు. 1950 జనవరిలో ఫీనిక్స్ నగరంలో తల్లులంతా జట్లు జట్లుగా బయలుదేరి, సాయంత్రం వేళ ఏ ఇంటి వసారాలో దీపం వెలుగుతుంటే ఆ ఇంటి తలుపు తట్టి చందాలు వసూలు చేశారు. అది తరువాత దేశమంతా పాకింది. ఆ డబ్బు పోలియో పరిశోధనకు వెళ్ళింది. 1954లో డాక్టర్ జోనాస్ సాల్క్ టీకాను పరీక్షించినప్పుడు పద్ధెనిమిది లక్షలమంది పిల్లలు అందులో పాల్గొన్నారు. తల్లిదండ్రులు సంతకం పెట్టిన కాగితంలో "అభ్యంతరం లేదు" అని ఉండేది కాదు. "మా బిడ్డను చేర్చుకోవలసిందిగా కోరుతున్నాను" అన్న అర్థంలో ఉండేది. బలవంతం ఏమీ లేదు. తమ డబ్బుతో, తమ చేతులతో నడిచిన పని కాబట్టి ఆ తల్లులు దాన్ని తమదే అనుకున్నారు.

1955 ఏప్రిల్ 12న ఆ టీకా పనిచేస్తుందని ప్రకటించారు. కొద్ది వారాల్లోనే పెద్ద దెబ్బ తగిలింది. ఒక కంపెనీ తయారుచేసిన మందులో బతికి ఉన్న వైరస్ మిగిలిపోయింది. ఎంతోమంది పిల్లలకు కాళ్ళు చచ్చుపడ్డాయి, పదిమంది చనిపోయారు. ప్రభుత్వం ఆ విషయం దాచలేదు. టీకాలు ఆపేసి, తప్పు ఎక్కడ జరిగిందో వెతికి, పరీక్షలు కట్టుదిట్టం చేసి, తిరిగి మొదలుపెట్టింది. తల్లులు మళ్ళీ వచ్చారు. జరిగిన తప్పును ఒప్పుకుని దిద్దుకున్నవాణ్ణి నమ్మినట్టు, దాచిపెట్టినవాణ్ణి జనం నమ్మరు కదా.

ఇప్పుడు మన ఆఫీసు గది ఆవిడ ప్రశ్నకు దగ్గరగా వచ్చే సంగతి చెబుతాను. టెక్సార్కానా అని ఒక ఊరు ఉంది. పేరులోనే ఉన్నట్టు సగం ఊరు టెక్సాస్ రాష్ట్రంలో, సగం ఊరు ఆర్కాన్సా రాష్ట్రంలో ఉంటుంది. రెండు రాష్ట్రాల సరిహద్దు ఊరి నడివీధిలోంచే పోతుంది. అటువాళ్ళు ఇటు బజారుకు వస్తారు, ఇటువాళ్ళు అటు చుట్టరికానికి వెళ్తారు. 1970 జూన్ నుంచి 1971 జనవరి వరకు ఆ ఊళ్ళో తట్టు వ్యాపించింది. మనం పొంగు అని కూడా అంటామే, అదే. ఆరువందలమందికి పైగా పిల్లలకు వచ్చింది. వాళ్ళలో నూటికి తొంభైఅయిదుమందికి పైగా టెక్సాస్ వైపువాళ్ళే! ఆర్కాన్సా వైపు బడిలో చేరాలంటే తట్టు టీకా ఉండాలనే నియమం ఉంది. అంతకుముందు అక్కడ పిల్లలందరికీ సామూహికంగా టీకాలు కూడా వేశారు. టెక్సాస్ వైపు ఆ నియమం లేదు. గాలి ఒకటే, నీళ్ళు ఒకటే, వీధి ఒకటే. తేడా అంతా బడి గుమ్మంలోనే ఉంది.

మరి టెక్సాస్ వైపు తల్లులంతా టీకాకు వ్యతిరేకులా? ఈ ప్రశ్నకు అలాస్కా రాష్ట్రంలో జవాబు దొరికింది. 1976-77లో అక్కడ తట్టు వ్యాపిస్తే, ఫలానా తేదీ నాటికి టీకా కాగితం చూపించనివాళ్ళను బడికి రానివ్వబోమని ముందుగా ప్రకటించారు. ఆ తేదీ వచ్చేసరికి సుమారు ఎనభై తొమ్మిదివేల మంది పిల్లల్లో 7,418 మంది దగ్గర కాగితం లేదు. అన్నమాట ప్రకారం ఇంటికి పంపించారు. నెల తిరిగేసరికి బయట మిగిలినవాళ్ళు యాభైమంది కూడా లేరు! 1977లో లాస్ ఏంజెలిస్‌లో కూడా అలాగే సుమారు యాభైవేల మందిని ఇంటికి పంపిస్తే, చాలామంది కొద్దిరోజుల్లోనే టీకా వేయించుకుని తిరిగి వచ్చారు.

అంటే ఏమిటి? ఆ ఏడువేల ఇళ్ళల్లో తల్లులకు సిద్ధాంతాలేమీ లేవు. ఒకావిడకు ఉద్యోగం, సెలవు దొరకలేదు. ఇంకో ఇంట్లో టీకా రోజున పిల్లవాడికి జలుబు. ఇంకొకరికి ఆసుపత్రి దూరం. వేయిద్దాంలే, రేపు చూద్దాంలే అనుకుంటూ ఏడాది గడిచిపోయింది. మన ఇళ్ళల్లో జరగనిదా ఇది? వద్దన్నవాళ్ళు పిడికెడుమంది, వాయిదా వేసినవాళ్ళు వేలమంది. బడి నియమం పనిచేసింది ఆ వేలమందికి గుర్తుచెయ్యడంలోనే.

ఈ సంగతి ముందుగానే కనిపెట్టినావిడ ఒకరున్నారు. ఆర్కాన్సా గవర్నరు భార్య, బెట్టీ బంపర్స్. పూర్వం బడిలో పాఠాలు చెప్పినావిడ. 1970ల మొదట్లో తన రాష్ట్రంలో ఎంతోమంది పిల్లలకు టీకాలు అందడం లేదని తెలిసి, నర్సుల్నీ, చర్చీల్నీ, స్త్రీల సంఘాల్నీ కూడగట్టి పనిలోకి దిగారు. 1977లో అమెరికా అధ్యక్షుడి భార్య రోజలిన్ కార్టర్‌తో కలిసి దేశమంతా అదే పని సాగేలా చూశారు. 1980 దాటేసరికి ఆ దేశంలో అన్ని రాష్ట్రాల్లోనూ బడి టీకా చట్టాలు వచ్చాయి. టీకా రాకముందు అక్కడ ఏటా ముప్ఫై నలభై లక్షల మందికి తట్టు వచ్చేది, నాలుగైదు వందలమంది చనిపోయేవారు. 2000 సంవత్సరానికి ఆ దేశంలో తట్టు తనంతట తాను వ్యాపించడం ఆగిపోయిందని ప్రకటించగలిగారు.

రోగం కనబడకుండా పోతే దాని భయం కూడా పోతుంది. అప్పుడు టీకా భయం మిగులుతుంది. 1998లో ఇంగ్లండులో ఒక డాక్టరు తట్టు టీకాకూ, ఆటిజం అనే మానసిక ఎదుగుదల లోపానికీ సంబంధం ఉందేమోనని వ్యాసం రాశాడు. అందులోని విషయాలు నమ్మదగ్గవి కావని తేలి 2010లో ఆ పత్రిక దాన్ని ఉపసంహరించుకుంది. డెన్మార్కులో ఆరున్నర లక్షలకు పైగా పిల్లల్ని పరిశీలించి, అలాంటి సంబంధం లేదని 2019లో తేల్చారు. కాని ఆ పన్నెండేళ్ళలో భయం ఇంటింటికీ చేరిపోయింది. మాటలు రాని బిడ్డను ఒళ్ళో పెట్టుకుని "ఎందుకిలా అయింది?" అని కుమిలిపోయే తల్లికి ఎవరైనా ఒక కారణం చూపిస్తే పట్టుకుంటుంది. ఆవిణ్ణి ఎగతాళి చెయ్యడం వల్ల లాభం లేదు.

2014 డిసెంబరులో కాలిఫోర్నియాలోని డిస్నీలాండులో మొదలైన తట్టు చాలామందికి పాకింది. అప్పుడు ఆ రాష్ట్రంలో సొంత నమ్మకాల పేరు మీద ఇచ్చే మినహాయింపును తీసేయాలని చట్టం తెచ్చారు. శాసనసభ ముందు తల్లులు రెండు వైపులా నిలబడ్డారు. ఒకరు "నా బిడ్డ నా ఇష్టం" అన్నారు. ఇంకొకరు "నా బిడ్డ సంగతేమిటి?" అన్నారు. అప్పుడే రక్తక్యాన్సరుకు చికిత్స పొంది కోలుకుంటున్న ఒక చిన్నపిల్లవాడి కథ అందరి నోటా పడింది. ఆ చికిత్స వలన వాడికి టీకా వేయకూడదు. వాడికి రక్షణ అంటూ ఉంటే అది పక్కన కూర్చున్న పిల్లలకు టీకా ఉండటమే. ఆ చట్టం 2015లో ఆమోదం పొందింది. టెక్సాస్ రాష్ట్రంలో మాత్రం అంతరాత్మ పేరిట మినహాయింపు 2003 నుంచీ ఉంది. 2025లో ఆ రాష్ట్రం పడమటి వైపున తట్టు ఏడువందలమందికి పైగా వచ్చింది. టీకా వేయించని ఇద్దరు బడియీడు పిల్లలు చనిపోయారు.

ఇక మన సంగతికి వద్దాం. మన దేశంలో 1880 నాటి చట్టం మునిసిపాలిటీలలో పిల్లలకు మశూచి టీకా తప్పనిసరి చెయ్యడానికి వీలు కల్పించింది. మన పెద్దవాళ్ళ జబ్బల మీద ఉండే గుండ్రటి మచ్చలు ఆ టీకాలవే. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి భూమి మీద లేకుండా పోయిందని ప్రకటించింది. ఇప్పుడు ఎవరూ ఆ అమ్మవారి కోసం గుమ్మానికి వేపమండలు కట్టడం లేదు. బడిలో చేరాలంటే టీకాలు ఉండి తీరాలనే దేశవ్యాప్త చట్టం మనకు లేదు. అయినా 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలకు బళ్ళలోనే తట్టు, రుబెల్లా టీకా వేసినప్పుడు ఈ ప్రశ్నే మన గుమ్మంలోకి వచ్చింది. "లోగడ వేయించాం కదా, మళ్ళీ ఎందుకు?" అని తల్లులు అడిగారు. వాట్సాప్‌లో లేనిపోని పుకార్లు పుట్టాయి.

నిజానికి ఆ ప్రశ్నకు మంచి సమాధానమే ఉంది. ఒక మోతాదుతో కొందరు పిల్లల్లో తగినంత రక్షణ రాదు కాబట్టి అందరికీ ఇంకోటి వేశారు. మరి రుబెల్లా పిల్లలకు పెద్ద జబ్బు కాదు కదా అంటారేమో. నాలుగు రోజుల జ్వరం, ఒళ్ళంతా సన్నని పేలుడు, అంతే. కాని అదే జబ్బు గర్భిణికి తొలి నెలల్లో వస్తే, పుట్టే బిడ్డకు కళ్ళల్లో పొర, చెవుడు, గుండెజబ్బు రావచ్చు. మూడో తరగతి చదివే మన అబ్బాయికి వేసిన టీకా, వాడికి పాఠం చెప్పే టీచరమ్మ కడుపులోని బిడ్డను కాపాడుతుందన్నమాట. ఈ ఒక్క ముక్క ముందుగా తల్లులకు విడమరచి చెప్పి ఉంటే ఎన్నో అనుమానాలు తీరేవి. 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఇదే అర్థం వచ్చేలా చెప్పింది. తల్లిదండ్రుల అంగీకారం ఉందని ఊహించుకుని బళ్ళలో టీకాలు వెయ్యరాదనీ, దాని మంచిచెడ్డలు తెలియజేసి అనుమతి తీసుకోవాలనీ.

కాబట్టి ఆఫీసు గదిలో నిలబడ్డ ఆవిడతో నేనయితే ఇలా చెబుతాను: అమ్మా, మీరు అడగడం తప్పు కాదు. అడిగినవాళ్ళు ఉన్నారు కాబట్టే చేతినుంచి చేతికి టీకాలు పోయాయి, మందులకు పరీక్షలు వచ్చాయి. ఇది ఏ టీకా, ఎందుకు, ఎంత జ్వరం రావచ్చు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తీసుకురావాలి అని డాక్టరును అడగండి. మీ బిడ్డకు లోగడ ఏదైనా పడకపోయి ఉంటే అది కూడా చెప్పండి. కాని సమాధానం విన్న తరువాత, బెంచీ మీద మీ వాడి పక్కన కూర్చునే పిల్ల గురించి కూడా ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ పిల్ల ఇంట్లో ఆరు నెలల చెల్లెలు ఉండవచ్చు. ఆ చంటిదానికి తొమ్మిదో నెల నిండితే గాని తట్టు టీకా వెయ్యరు. అప్పటిదాకా దానికి అడ్డం నిలబడేది మీ బిడ్డా, నా బిడ్డా.

ఇక వద్దనే ఉద్దేశం ఏమీ లేకుండా, రేపు చూద్దాంలే అని వాయిదా వేసుకునే మనలాంటివాళ్ళకు ఒక మాట. బియ్యం డబ్బా వెనకో, బీరువాలో చీరల కిందో ఉన్న ఆ కార్డు ఇవాళే తీసి చూడండి. అయిదేళ్ళకు వెయ్యవలసిన కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతాల టీకా చాలా ఇళ్ళల్లో మరిచిపోయేది. గడి ఖాళీగా ఉంటే సిగ్గుపడవలసిన పని లేదు. బడి అడిగేలోపు మనమే నింపుకుందాం.